లష్కరు బోనాలు - ఊరి క్షేమవార్త

సికింద్రాబాదును చుట్టుపట్ల వారు నేటికిని లష్కరని పిలుతురు. లష్కరనగా సేన. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన ఈ దండు పట్టణము నేడు మహానగరములో కలసిపోయినది. అయినను ఆషాఢమున బోనాల వేళ ఇది మరల ఒక చిన్న ఊరగును.

1813లో ఇచ్చట మహమ్మారి చెలరేగి అనేకులు మరణించిరి. అప్పుడు దళముతో ఉజ్జయినిలో నున్న సూరిటి అప్పయ్య, తన ఊరికి ఉపశమనము కలిగినచో అచ్చట అమ్మవారిని నిలుపుదునని మహాకాళికి మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెననియు ఆలయ కథనము.

బోనమనగా భోజనము. క్రొత్త కుండలో అన్నము వండి, పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపమునుంచి స్త్రీలు తలపై మోయుదురు. పండుగకు ముందే అమ్మవారి ఘటము వీధుల వెంట ఊరేగును. గుమ్మము గుమ్మమున జనులు ఎదురువచ్చెదరు. ఏ ఇంటికి ఆడబిడ్డ వచ్చినదో, ఏ ఇంట ఎవరు మంచము పట్టిరో అప్పుడే తెలియును. పత్రికల కెక్కని వార్తలివి.

బోనాల మరునాడు రంగము. కాల్చని పచ్చికుండపై నిలిచిన స్త్రీ భవిష్యవాణి వినిపించును. నమ్మికలు ఎట్లున్నను, జనులు తెలియగోరునది ఏటేటను ఒక్కటియే: వానలు కురియునా, పిల్లలు చల్లగా నుందురా?

2020లో కోవిడు వ్యాపించినప్పుడు జనులు ఆలయమునకు పోక ఇండ్లలోనే బోనములు సమర్పించిరి. ఒక మహమ్మారి నాడు పుట్టిన మ్రొక్కు మరియొక మహమ్మారి నాడు గడప దాటలేదు. అందుచే ఆచారము లోపించెననరాదు. ఊరివారి క్షేమము కోరుటయే ఆ మ్రొక్కునకు మూలము. ఆ యేడు ఇంట నిలుచుటయే దానిని చెల్లించుట.