మా మాస్టారి గాంధారానికి ఎర్ర గీత

మా సంగీతం మాస్టారు తప్పు పాడారని నా ల్యాప్‌టాప్ చెప్పింది. నేను నమ్మేశాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. స్క్రీన్‌షాట్ తీసి ఆయనకే వాట్సాప్‌లో పంపించాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ ఆదివారం క్లాస్ కూడా జరగలేదు.

మాది విజయనగరం. 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దాని మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిందీ, ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. అలాంటి ఊళ్లో పుట్టినందుకు నన్నూ ఎనిమిదో ఏట మాస్టారి ముందు కూర్చోబెట్టారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణాల్లోకి వచ్చేసరికి తొమ్మిదో తరగతి వచ్చింది. ఐఐటీ ఫౌండేషన్ అన్నారు. ‘‘ఇంటర్ అయ్యాక వస్తాను మాస్టారూ’’ అని చెప్పి వచ్చేశాను. మళ్లీ ఫోన్ చేయడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ‘‘తోడి వర్ణం సగంలో ఆపావు. అక్కణ్నుంచే మొదలుపెడదాం’’ అన్నారు. అలా ఆయన విజయనగరంలో, నేను హైదరాబాద్‌లో, ఆదివారం పొద్దున్నే వీడియో కాల్‌లో క్లాస్.

కాల్‌లో పోయేవి

ఆన్‌లైన్‌లో పాట నేర్చుకునేవాళ్లకి మొదటి షాక్ ఏంటంటే, గురువుతో కలిసి పాడలేం. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. అంటే పది మీటర్ల దూరంలో ఉన్న మనిషి పాట మనకి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. ఆలస్యం ఆ మాత్రం దాటితేనే కలిసి పాడటం కష్టమైపోతుంది. వీడియో కాల్‌లో మామూలుగా ఉండే ఆలస్యం దానికి కొన్ని రెట్లు. ఆయన తాళానికి నేను పాడితే, అక్కడికి ఎప్పుడూ వెనకబడే చేరుతుంది.

రెండోది తంబూరా. చాలా కాల్ యాప్‌లు ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని తీసేస్తాయి. మన శ్రుతి వాటి దృష్టిలో ఫ్యాన్ మోతే! కొన్ని యాప్‌లలో ‘ఒరిజినల్ సౌండ్’ అనే సెట్టింగ్ ఉంటుంది. ఆన్ చేసుకుంటే కొంత నయం.

ఇలా మాస్టారు నన్ను మధ్యలో ఆపి దిద్దడం కుదరక, ఆ పని చేసే ప్రోగ్రామ్ నేనే రాసుకుంటే పోలా అనిపించింది. ఇంజినీర్ బుద్ధి కదా. రెండు వీకెండ్లు, కొంచెం పైథాన్.

స్కోర్ 91, మార్కులు ఎవరికి?

లోపల జరిగేది సింపులే. ఫోన్ మన గొంతును సెకనుకు 44,100 ముక్కలుగా కొలుస్తుంది. అందులో చిన్న భాగం తీసుకుని, దాని కాపీని దాని మీదే కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట రెండూ అచ్చంగా సరిపోతాయి. ఎంత జరిపామో తెలిస్తే గొంతు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో తెలిసిపోతుంది. 2002లో వచ్చిన ‘యిన్’ అనే పద్ధతికి మూలం ఇదే.

నా శ్రుతి ఒకటిన్నర. షడ్జం సెకనుకు సుమారు 139 కంపనాలు. అక్కణ్నుంచి పై షడ్జం దాకా 1200 సెంట్లు. పన్నెండు స్వరస్థానాలకి వందేసి సెంట్లు. స్వరం దాని స్థానానికి 25 సెంట్ల లోపు ఉంటే పచ్చ, దాటితే ఎరుపు. మొత్తానికి ఒక స్కోర్.

నెల రోజుల్లో నా స్కోర్ 60ల నుంచి 91కి వెళ్లింది. ఆ ఊపులో, క్లాస్‌లో రికార్డ్ చేసుకున్న మాస్టారి పాటని అదే ప్రోగ్రామ్‌కి ఇచ్చాను. తోడిలో గాంధారం వచ్చిన ప్రతిచోటా ఎరుపే ఎరుపు. ఆ స్క్రీన్‌షాటే నేను పంపింది.

జవాబు రాకపోయేసరికి భయం వేసి, నిద్ర పట్టక, ఈ విషయంలో ఎవరైనా పరిశోధన చేశారా అని వెతికాను. చేశారు. బార్సిలోనాలోని పొంపేయు ఫాబ్రా యూనివర్సిటీలో జేవియర్ సెర్రా నాయకత్వంలో 2011 నుంచి 2017 దాకా ‘కాంప్‌మ్యూజిక్’ అనే పెద్ద ప్రాజెక్టు నడిచింది. పాశ్చాత్య సంగీతం కోసం తయారైన సాఫ్ట్‌వేర్ లెక్కలు మిగతా సంగీతాలకి సరిపోవన్నది వాళ్ల మొదటి మాట. అందుకే కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ, అరబ్-అండలూసియన్, బీజింగ్ ఓపెరా సంప్రదాయాలను విడివిడిగా తీసుకున్నారు. ఐఐటీ మద్రాస్ కూడా అందులో భాగస్వామి. 2012లో ఆ ప్రాజెక్టు వర్క్‌షాప్‌లో గాయకులు టి.ఎం.కృష్ణ, విఘ్నేశ్ ఈశ్వర్ స్వరం, గమకం, రాగం గుర్తింపు గురించి ఒక పత్రమే సమర్పించారు.

అవన్నీ చదివాక నా కోడ్‌లోని బగ్ అర్థమైంది. తోడి గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు. కింద రిషభం వైపుకీ, పైన మధ్యమం వైపుకీ ఊగుతుంది. కాగితం మీద దాని స్థానం 300 సెంట్లు. పాటలో మాత్రం ఆ గీత మీద అది నిలిచే సమయం చాలా తక్కువ. ఆ ఊపు తీసేస్తే తోడే ఉండదు.

మరి నాకు 91 ఎలా వచ్చింది? మళ్లీ నా రికార్డింగ్ విన్నాను. పచ్చ రంగు కోసం పాడీ పాడీ, గాంధారాన్ని ఇస్త్రీ చేసినట్టు చదును చేసేశాను. ప్రోగ్రామ్ నాకు తప్పు నేర్పింది, పైగా దానికి మార్కులు కూడా వేసింది.

ఇది కొత్త గొడవేమీ కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మెట్ల మధ్య జారే గమకాలు అందులో పలకవన్నది అప్పటి ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. 1971 దాకా ఆ నిషేధం సాగింది. నేను రాసుకున్నదీ ఒకరకంగా హార్మోనియమే. కాకపోతే ఇది ఎదురు మార్కులు వేస్తుంది.

ఫోన్ చేశాను

‘‘మాస్టారూ, తప్పు నాదే. క్షమించండి.’’

‘‘నొచ్చుకున్నానురా, అబద్ధమెందుకు. డౌటొస్తే నన్ను అడగొచ్చుగా. ముందు దాన్ని అడిగావు.’’

ఏం చెప్పాలో తెలియలేదు. కాసేపాగి ఆయనే అన్నారు: ‘‘సరే, ఆ ఎర్ర రంగు సంగతి వదిలెయ్. ఆ గీత మాత్రం బాగుంది. నా గాంధారం ఎలా కదుల్తోందో బొమ్మ వేసింది కదా. నీది కూడా వేసి పక్కన పెట్టి పంపు.’’

పంపాను. ఆయన గీత అలలా ఉంది. నాది తారు రోడ్డులా ఉంది. ‘‘ఇన్నాళ్లూ నోటితో చెబుతున్నాను, ఇప్పుడు కంటికి కనబడిందా?’’ అని నవ్వారు.

చూస్తూ పాడొద్దు

ఇంకో విషయం కూడా తెలుసుకున్నాను. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు శరీరంతో నేర్చుకునే నైపుణ్యాల మీద అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ పరిశీలించారు. ప్రతి ప్రయత్నానికీ ఫీడ్‌బ్యాక్ ఇస్తే ప్రాక్టీస్‌లో బాగా చేస్తారు. ఆ ఫీడ్‌బ్యాక్ తీసేశాక తడబడొచ్చు. మనిషి దాని మీద ఆనుకోవడం మొదలుపెడతాడు కాబట్టి. అవి పాట మీద చేసిన ప్రయోగాలు కావు, ఎక్కువగా చేతి కదలికల మీద చేసినవి. అయినా నా విషయంలో అక్షరాలా అదే జరిగింది. స్క్రీన్ ఆపేసి పాడితే రెండో ఆవర్తనానికే శ్రుతి జారింది. వినాల్సిన పని చెవి మానేసి కంటికి అప్పజెప్పింది.

కాబట్టి యాప్‌తో పాట నేర్చుకుంటున్న మీకు, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి చెబుతాను. ముందు మీ షడ్జం సరిగ్గా సెట్ చేసుకోండి. అది తప్పితే మిగతా లెక్కలన్నీ తప్పే. పాడేటప్పుడు స్క్రీన్ బోర్లా పెట్టండి. పాడాక రికార్డింగ్ వినండి, తప్పెక్కడో మీరే ఊహించండి, ఆ తర్వాతే గ్రాఫ్ చూడండి. సరళీ స్వరాలు నిలకడగా పాడటానికి ట్యూనర్ భలే సాయం చేస్తుంది. గమకాల దగ్గరికి వచ్చాక మాత్రం దాని మార్కులు పట్టించుకోకండి, మీ గురువు పాడిన గీతతో పోల్చుకోండి. డౌటొస్తే ముందు ఆయన్ని అడగండి.

నా ప్రోగ్రామ్‌లో ఇప్పుడు స్కోర్ లేదు, ఎరుపూ లేదు. మాస్టారి గీత ఒకటి, దాని కింద నాది ఒకటి.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల అరుగు మీద కూర్చుని, ఫోన్ జేబులో పెట్టుకుని వర్ణం పాడాను. గాంధారం దగ్గర రెండుసార్లు ఆపారు. మూడోసారి ఆపలేదు. పాట అయ్యాక ఫిల్టర్ కాఫీ చేతికిచ్చి, ‘‘ఇది గ్రాఫ్ వేస్తే ఎలా వస్తుందంటావు?’’ అని అడిగారు.

రికార్డ్ చేయలేదు మాస్టారూ అన్నాను.