చదువయ్యాక స్థిరపడే దారి ఏ దేశంలో ఎంత దూరం?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి ఎల్బీనగర్ వైపు నడిస్తే, కోచింగ్ సెంటర్ల పక్కనే విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. నల్గొండ, సూర్యాపేట నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే: చదువయ్యాక అక్కడే స్థిరపడొచ్చా?

అమెరికాలో డిగ్రీ చేతికొచ్చాక ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) కింద 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లు మరో 24 నెలలు పనిచేయవచ్చు. తర్వాత హెచ్‌1బీ ఉద్యోగ వీసా లాటరీ. ఏటా కోటా 85,000. అసలు చిక్కు శాశ్వత నివాసమిచ్చే గ్రీన్ కార్డు దగ్గర. ఉద్యోగం ఆధారంగా ఇచ్చేవి ఏటా సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. అందుకే భారతీయులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.

కెనడాలో మాస్టర్స్ చేసినవారికి మూడేళ్ల దాకా వర్క్ పర్మిట్ దొరుకుతుంది. నైపుణ్యమున్న ఉద్యోగం ఏడాది చేస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో శాశ్వత నివాసానికి పోటీపడవచ్చు. వయసు, భాష, చదువు, అనుభవాలకు పాయింట్లుంటాయి.

జర్మనీలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. అక్కడి డిగ్రీతో తగిన కొలువు రెండేళ్లు చేసి, పెన్షన్ చందా కట్టి, బీ1 స్థాయి జర్మన్ నేర్చుకుంటే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

దగ్గరి దారులు ప్రమాదకరం. 2019లో అమెరికాలో ఫార్మింగ్టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయంలో చదవకుండానే వీసా నిలుపుకునేందుకు చేరారన్న కేసులో సుమారు 250 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో చాలామంది తెలుగువారే.

పొలం తాకట్టు పెట్టేముందు, కన్సల్టెన్సీ చెప్పిన ప్రతి మాటనూ ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.