గోదావరిపై రైలు నడవని వంతెన

రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై మూడు రైలు వంతెనలున్నాయి. వాటిలో మొట్టమొదటిదైన హేవలాక్ వంతెన మీద నేడు రైళ్ళు నడవవు. అయినా చూడవచ్చినవారి చూపు ముందుగా దానిపైనే నిలుస్తుంది.

ఈ వంతెన లేనప్పుడు ప్రయాణీకులు రైలు దిగి, పడవలో ఏరు దాటి, ఆవలి ఒడ్డున మళ్ళీ రైలెక్కవలసి వచ్చేది. 1897లో పని మొదలైంది. నది అడుగున ఇసుకలోకి లోతుగా పునాదులు దింపి, వాటిపై రాతి స్తంభాలు లేపారు. స్తంభానికీ స్తంభానికీ నడుమ 150 అడుగుల ఇనుప దూలాలు. అటువంటివి 56 వరుసలు. 1900 ఆగస్టు 30న ప్రారంభమైన ఈ వంతెనకు నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో కమానుల వంతెన వచ్చాయి. దానితో హేవలాక్ వంతెన విశ్రమించింది.

పని తీరిన కట్టడాన్ని ఏం చేయాలి? బోస్నియాలోని మోస్తార్ పట్టణం ఈ ప్రశ్నకు గుణపాఠం వంటిది. అక్కడ ఉస్మానియా శిల్పి మిమార్ ఖైరుద్దీన్ 1566లో పూర్తిచేసిన రాతి వంతెన 1993 యుద్ధంలో కూలిపోయింది. పలు దేశాలు చేయి కలిపితేగాని 2004లో అది తిరిగి లేవలేదు. కూలినదాన్ని నిలపడం కంటే నిలిచివున్నదాన్ని కాపాడుకోవడం సులభం. పూర్వులు మిగిల్చిన కట్టడం తరువాతి తరాలకు అందజేయవలసిన అమానతు.