ఒకే తీగ – నాలుగు కళ్ళు

మీ బడి గేటుకు ఒక కెమెరా ఉందనుకోండి. ఈథర్నెట్ తీగ గోడలోంచి ఎప్పుడో లాగేశారు. అక్కడే మరో మూడు కెమెరాలు కావాలంటే మళ్ళీ గోడలు తొలవాలా? అక్కర్లేదు! తీగ చివర 'స్విచ్' అనే పెట్టె తగిలిస్తే చాలు. ప్రతి కెమెరా తన బొమ్మను పొట్లాలుగా కట్టి, వాటిపై చిరునామా వేసి పంపుతుంది. తపాలా సంచిలో ఉత్తరాల్లాగా అవి కలిసి పోయినా కలగాపులగం కావు.

చిక్కల్లా కరెంటుతోనే! అదీ ఆ తీగలోనే రావాలి గదా. రాత్రి పరారుణ దీపాలతో కెమెరా 5 వాట్లు తింటే నాలుగింటికి 20 వాట్లు. స్విచ్ వాటా వేరే. 2003 నాటి ప్రమాణంతో తీగ చివరికి చేరేది 12.95 వాట్లే! 2009 ప్రమాణంతో 25.5 వాట్లు అందుతాయి. గది వైపు పరికరం కూడా ఆ ప్రమాణానిదే కావాలి సుమా! అన్నట్టు, ఆ ఒక్క తీగను ఎలుక కొరికితే నాలుగు కళ్ళూ ఒకేసారి మూతపడతాయి.