పాట తలుపులోనే ఆగిపోతోంది

పాత కారులో పాటలు బాగా వినపడాలంటే చాలామంది వెనక డిక్కీ పైపలకకు రెండు పెద్ద కోలస్పీకర్లు బిగిస్తారు. ఆపైన కొత్త టచ్‌స్క్రీన్ పెట్టిస్తారు. మోత పెరుగుతుంది, పాటలో మాట మాత్రం తేటపడదు. ఘంటసాల మన ఎదురుగా పాడాలి గానీ వెనకసీట్లోంచి కాదు కదా! అందుకే ముందు తలుపులతో మొదలుపెట్టమంటాను.

స్పీకర్ కోన్ గాలిని ముందుకు నెట్టినప్పుడల్లా వెనకవైపు గాలిని లాగుతుంది. ఆ రెండూ కలిశాయా, ఒకదాన్నొకటి మింగేస్తాయి. మొదట పోయేది మృదంగం, బాస్. ఇంట్లో స్పీకర్‌కు చెక్కపెట్టె ఉన్నది వాటిని విడదీయడానికే. కారులో ఆ పెట్టె తలుపే. ఒకసారి డోర్‌ప్యాడ్ ఊడదీసి చూడండి. లోపలి రేకుకు అరచెయ్యి పట్టేంత కంతలు, వాటి మీద చిరిగి వేలాడే ప్లాస్టిక్ కాగితం. బయటి రేకును వేలి కణుపుతో కొడితే నూనె డబ్బాలా మోగుతుంది. దానికి లోపలినుంచి అల్యూమినియం పూత ఉన్న డ్యాంపింగ్ షీటు అంటించి, కంతలు మూసి, మళ్లీ కొట్టండి. ‘టంగ్’ పోయి ‘టప్’ అంటుంది. తలుపు అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలను మాత్రం మూయకండి. అద్దం పక్కనుంచి దిగే వాన నీరు పోయే దారి అదే. మూస్తే తుప్పు ఖాయం.

మా 2008 మోడల్ కారులో బాస్ లేదని చాలాకాలం స్పీకర్లనే అనుమానించాను. తీరా విప్పితే ఎడమవైపు దానికి ప్లస్సు, మైనస్సు తారుమారుగా కలిపి ఉన్నాయి. ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. దీన్ని కనిపెట్టడానికి గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలు. స్పీకర్ వైర్లకు క్షణంసేపు తాకించండి. సెల్లు ప్లస్సు స్పీకర్ ప్లస్సుకు తగిలితే కోన్ బయటికి ఉబుకుతుంది. కోన్ అంచు పొడిపొడిగా రాలుతుంటే ఇక బాగుచేయడం దండగ, మార్చేయండి.

కొత్తది కొనేటప్పుడు, ఇచ్చిన వాట్లకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే సెన్సిటివిటీ అంకె చూడండి. 90 డెసిబెల్స్, ఆపైన ఉంటే మంచిది. 3 డెసిబెల్స్ పెరిగితే రెట్టింపు వాట్లు ఇచ్చినంత లాభం. స్టీరియో పెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని ఉన్నా, ఇంజిన్ నడిచేటప్పుడు దానికి అందేది 14 వోల్టుల చిల్లరే. దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు నికరంగా చేరేది 20 వాట్ల దరిదాపుల్లోనే. ఆర్‌ఎంఎస్ అని, అంటే నిలకడగా ఇచ్చే వాట్లని, రాసి ఉన్న అంకె ఒక్కటే లెక్క.

ఇంతా చేశాక చాలకపోతేనే యాంప్లిఫయర్. దాని కరెంటు వైరును ఒక పక్కనుంచి, పాట వచ్చే కేబుల్‌ను మరో పక్కనుంచి లాగించండి. పక్కపక్కనే పోతే ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లో ‘కుయ్’మనే కూత రావచ్చు. బ్యాటరీ నుంచి బయల్దేరిన వైరుకు జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. ఎక్కడైనా ఇన్సులేషన్ ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు వైరు కాలిపోకుండా ఆపేది అదొక్కటే. ఫ్యూజు అక్కర్లేదనే మెకానిక్‌కు బండి ఇవ్వకండి.