ఇంటి తెల్లగడ్డ: ఆఱబెట్టుట, అంచెలో పంపుట



మా పాములపాడు 2022వ సంవత్సరమున నేర్పడిన నంద్యాల జిల్లాలోనిది. శ్రీశైలజలాశయపు నీరు పోతిరెడ్డిపాడు మీదుగా మా మండలమునందలి బనకచెర్లకు వచ్చి, అచ్చటినుండి పలు కాలువలకు పోవును. ఇట్లు నీరు దగ్గఱనున్నను మాది తెల్లగడ్డకు పేరుపడిన సీమ కాదు. మన దేశమున నీ పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములందు మెండు. నేను పండించునది పెరటిలో రెండు మళ్లు మాత్రమే. అయినను పెరటి పంటకు బంధువులలో నున్న గౌరవము అంగడి సరకునకు లేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి హైదరాబాదునందు ప్రసవించినది. బాలింతకు తెల్లగడ్డకారము పెట్టుట మన యిండ్లలోని మర్యాద. నేను తొందరపడి గడ్డలను పెఱికి, మట్టి పోవునట్లు కడిగి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఆనాడే అంచెలో పంపితిని. కొన్నాళ్లకు అమ్మాయి ఫోనులో, “అందినవి నాయనా” అని చెప్పి మాట మార్చినది. సంచి విప్పగనే బూజుకంపు కొట్టెనని తరువాత అల్లుడు చెప్పగా తెలిసినది. నా మనసు నొచ్చునని బిడ్డ దాచినది. అంచెవారి తప్పేమియు లేదు. కడిగినవాడను నేను, ఆఱబెట్టనివాడను నేను, గాలి చొరకుండ కట్టినవాడను నేను. నాటినుండి నేర్చుకొన్నది మీకు మనవి చేయుచున్నాను.

ఆకులు సగమువఱకు పసుపువాఱినప్పుడు పంట తీయవలెను. అంతకు పది పదునైదు దినముల ముందే నీరు మాన్పవలెను. ఆలస్యమైనచో పైపొర చిట్లి పాయలు విడిపోవును. మా నల్లరేగడి గట్టిగా పట్టుకొనును గనుక, కాడ పట్టి లాగక, గడ్డపారతో ప్రక్కమట్టిని సడలించి తీయుదును. మట్టిని చేతితో రాల్చవలెనే కాని కడుగరాదు, నేలకు కొట్టరాదు.

ఎండబెట్టుట యని వాడుకలో నన్నను, నిజమునకు నీడనే ఆఱబెట్టవలెను. మా సీమ యెండకు పాయలు ఉడికినట్లై మెత్తబడును. ఆకులతోనే పదేసి గడ్డలను కట్టగట్టి, గాలి యాడు వసారాలో దూలమునకు వ్రేలాడదీయుదును. రెండు మూడు వారములకు పైపొర గలగలలాడును, వేళ్లు పెళుసుబాఱును, మెడ నొక్కిన తడి తగులదు. మెడ ఆఱనిదే గడ్డ ఆఱినట్లు కాదు. బూజు మొదట చొచ్చుత్రోవ యదియే. ఆపై వేళ్లు కత్తిరించి, కాడను అంగుళము మేర నిలిపి కోయవలెను.

1944లో కవల్లీటో, బెయిలీ యను శాస్త్రజ్ఞులు వెల్లుల్లి నుండి అల్లిసిన్ అను పదార్థమును వేఱుపఱచిరి. చెక్కుచెదరని పాయలో నది యుండదు. పాయ నలిగినప్పుడు లోపలి పదార్థములు కలిసి దానిని పుట్టించును. కావున కట్టిన మూట ఘాటుగా వాసన కొట్టినచో లోపల నేదియో నలిగినదని యెఱిగి, విప్పి, దానిని తీసివేయవలెను.

పంపుటకు పలుచని నూలుసంచి మేలు. దానిని అట్టపెట్టెలో నుంచి, సందులలో పాతకాగితములు కుక్కి, ప్రక్కలను చిన్న రంధ్రములు చేయవలెను. చిరునామాను పైనను, ఒక చీటిపై వ్రాసి లోపలను ఉంచవలెను. 1972వ సంవత్సరము ఆగస్టు 15న వచ్చిన ఆఱంకెల పిన్ సంఖ్యను మఱువరాదు. ఊరిపేర్లు ఒకటిగా నున్నను ఆ సంఖ్య త్రోవ చూపును. ఆదివారము మూట ఒకచోట పడియుండకుండ సోమవారమే అప్పగింతును. వానకాలమున పంపను.

మఱి రెండు హెచ్చరికలు. ఒలిచిన పాయలను ఊరక నూనెలో వేసి పంపవలదు. గాలి చొరని ఆ నూనెలో బొట్యులిజమను ప్రాణాంతక వ్యాధిని కలిగించు విషము పుట్టవచ్చును. రుచికి గాని వాసనకు గాని అది తెలియకపోవచ్చును. తగినంత ఉప్పు, పులుపు పడిన ఊరగాయ సంగతి వేఱు. విదేశములందలి బిడ్డలకు పచ్చిగడ్డలు పంపదలచువారు, తెగుళ్లు చొరకుండ ఆయా దేశములు పెట్టుకొన్న కట్టుబాట్లను ముందు విచారింపవలెను.

తెల్లగడ్డకు సాధారణముగా గింజ పట్టదు. పాయను నాటియే పాయను పొందవలెను. ఒకయేడు అకాలవర్షమునకు నా విత్తనపు గడ్డలన్నియు మురిగిపోయినవి. అంతకు ముందేడు నేను పంపినదానిని అనంతపురమందలి మిత్రుడొకడు కుండీలలో నాటియుండెను. అతడు పంపిన పది గడ్డలతో కార్తికమున మరల మడి కట్టితిని. పంచిపెట్టినదే నాకు మిగిలినది. కావున ప్రతి మూటలోను తినుటకు కొన్ని, నాటుటకు రెండు పెట్టి పంపుచున్నాను.

ఇప్పుడు మా యమ్మాయి మూట అందగనే గడ్డలనెన్ని మఱీ చెప్పుచున్నది. మాట మార్చుట లేదు.

సెలవు.