కొవ్వొత్తిలో పరిమళం ఎంత పోయాలి?

పిల్లలూ, కొవ్వొత్తి అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. కొవ్వు + ఒత్తి. ఉత్వసంధి. జంతువుల కొవ్వు కరిగించి వత్తులు చేసిన కాలం ఆ పేరులోనే దాగి ఉంది. ఇప్పుడు కొవ్వు పోయి మైనం వచ్చింది. పేరు మాత్రం మారలేదు. ఊళ్లు మారినా ఇంటిపేరు మారని మనలాంటిదే ఈ మాట కూడా.

ప్రస్తుతం మేమున్నది కాన్పూరులో. మా తెలుగు తరగతిలో ఉన్నది పదిమందే. రైల్వే, సైన్యం, బ్యాంకు, ఆయుధ కర్మాగారం ఇలా తలా ఒక ఉద్యోగం వల్ల ఇక్కడ కలిసినవాళ్లం. గత దీపావళికి ముందు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు మెల్లగా చెప్పింది. వాళ్ల నాన్నగారికి గువాహటికి బదిలీ అయిందట. వాళ్ల క్వార్టర్ గుమ్మం పక్కన మల్లెతీగ ఒకటి ఉంది. మనం మల్లె అంటాం, ఇక్కడివాళ్లు బేలా అంటారు, మరాఠీవాళ్లు మోగరా అంటారు. ఆ తీగను రైలెక్కించలేం కదా! వాసననైనా వెంట పంపుదామని, మల్లె పరిమళం ఉన్న కొవ్వొత్తులు చేయాలని అందరం అనుకున్నాం.

మొదటిసారి ఏం చేశాం?

అర కిలో సోయా మైనం, 100 మిల్లీలీటర్ల మల్లె పరిమళ తైలం తెచ్చాం. మైనం కరిగించి తైలం ఒక మూత పోశాం. వాసన చూస్తే చాలలేదు. ఇంకో మూత పోశాం. "ఇంకొంచెం మేడం, ఇంకొంచెం" అంటూ అందరూ అడుగుతుంటే చివరికి సీసా మొత్తం ఖాళీ చేశాం.

మర్నాడు చూస్తే కొవ్వొత్తుల పైన చెమట పట్టినట్టు నూనె చుక్కలు. వెలిగిస్తే వత్తి చిటపటలాడింది, మంట ఊగింది, కప్పు అంచు నల్లగా మసిబారింది. మల్లె వాసన కంటే పొగ వాసనే ఎక్కువ వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని. ఆ అమ్మాయి ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. ప్రయాణానికి ఇంకా ఐదు వారాలే ఉంది. అప్పుడు లెక్క మొదలుపెట్టాం.

మైనం ఎంత పట్టగలదు?

మైనం గట్టిపడేటప్పుడు లోపల సన్నని స్ఫటికాలు ఏర్పడతాయి. తైలం ఆ స్ఫటికాల మధ్య సందుల్లో చిక్కుకుని ఉంటుంది. సందులకు ఒక హద్దుంది. అది దాటితే మిగిలిన తైలం బయటికి కారుతుంది. మేము చూసిన చెమట అదే.

ఇక వత్తి సంగతి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే, కొవ్వొత్తి వత్తి కరిగిన మైనాన్ని పైకి పీలుస్తుంది. పరిమళం మరీ ఎక్కువైతే వత్తికి అందే ఇంధనం తీరు మారిపోయి అది సరిగా మండదు. పొగ, మసి అందుకే.

మైనం బరువులో ఎంత శాతం పరిమళ తైలం కలపవచ్చో మైనం సంచి మీద రాసి ఉంటుంది. సోయా మైనానికి సాధారణంగా 6 నుంచి 10 శాతం వాడతారు. మా సంచి మీద గరిష్ఠం 10 శాతమని ఉంది. మేము పోసినది లెక్కవేస్తే దాదాపు 20 శాతం! సంచి మీద అక్షరాలు మా కళ్లముందే ఉన్నాయి, చదవలేదు.

లెక్క చాలా సులభం:

పరిమళ తైలం బరువు = మైనం బరువు × శాతం ÷ 100

అంటే 250 గ్రాముల మైనానికి 6 శాతం కావాలంటే 250 × 6 ÷ 100 = 15 గ్రాములు. ఐదో తరగతి తమ్ముళ్లు కూడా చేయగల లెక్క ఇది.

మూతలతో ఎందుకు కొలవకూడదు?

మన పాత కొలతలు గుర్తు చేసుకోండి. గిద్దె, సోల, తవ్వ, మానిక ఇవన్నీ పాత్రతో కొలిచేవి. వీశ, తులం తూకంతో కొలిచేవి. మానికెడు బియ్యం, మానికెడు అటుకులు ఒకే బరువుంటాయా? ఉండవు. తైలాలూ అంతే. 10 మిల్లీలీటర్ల నారింజ తైలం సుమారు 8.4 గ్రాములు తూగుతుంది. అదే 10 మిల్లీలీటర్ల లవంగ తైలం 10 గ్రాములు దాటుతుంది. మూత ఒకటే, బరువు వేరు. పైగా ఒక సీసా మూత ఇంకో సీసా మూతంత ఉండదు. చుక్కలు లెక్కపెడదామంటే, చుక్క పరిమాణం గొట్టం సన్నదనాన్ని బట్టి, తైలం చిక్కదనాన్ని బట్టి మారుతుంది. అందుకే మైనాన్నీ తైలాన్నీ రెండింటినీ గ్రాముల్లో తూచాలి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి, సున్నా చేసి, ఆ తర్వాతే తైలం పోయండి.

కాటా విషయంలో ఒక జాగ్రత్త. వంటింటి కాటా ఒక గ్రాము కంటే తక్కువ తేడాను చూపదు. 40 గ్రాముల తైలం తూచేటప్పుడు అర గ్రాము అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. 3 గ్రాములే తూచేటప్పుడు అర గ్రాము అంటే ఆరో వంతు తప్పు. కాబట్టి ఒక్కొక్క కొవ్వొత్తికీ విడిగా తూచకుండా, అన్నింటికీ కలిపి ఒకేసారి తూచుకోవడం మేలు.

గ్రాముల్లోనే రాసుకోమనడానికి ఇంకో కారణం ఉంది. మాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కన్నౌజ్ ఉంది, అత్తరుకు పేరుపడ్డ ఊరు. అక్కడ 'దేగ్' అనే రాగి బానలో పూలూ నీళ్లూ పోసి మరిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా 'భప్కా' అనే పాత్రలోకి చేరి, అందులోని గంధపు నూనెలో పరిమళాన్ని నింపుతుంది. అత్తరును తులాల్లో అమ్మేవారు. పాత తులం 11.66 గ్రాములు. మరి ఇవాళ మన ఊళ్లలో బంగారం కొనేటప్పుడు తులమంటే 10 గ్రాములే. మాట ఒకటే, బరువు రెండు! మీరు పుస్తకంలో "ఒక తులం" అనో "రెండు మూతలు" అనో రాసుకుంటే, వచ్చే బదిలీలో ఆ పేజీ పనికిరాదు. గ్రాము మాత్రం ఏ ఊళ్లోనైనా గ్రామే.

అన్నట్టు, అత్తరు ఒంటికి రాసుకోవడానికి చేసినది. అది ఖరీదైనది, కొవ్వొత్తికి అక్కర్లేదు. బట్టల మీద చల్లుకునే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది, అది భగ్గుమంటుంది కనుక అసలే వద్దు. మాలో ఒకరు పన్నీరు తెచ్చారు. అది నీరు, మైనంలో కలవదు. వత్తి చిటపటలాడుతుంది. కొవ్వొత్తుల కోసమే చేసిన తైలం మాత్రమే వాడాలి.

కప్పును బట్టి లెక్క

చేతిలో ఉన్న కప్పుకు ఎంత మైనం పడుతుందో తెలియకపోతే ఎలా? కప్పులో కావలసినంత ఎత్తుకు నీళ్లు పోసి తూచండి. మా కప్పులో 100 గ్రాముల నీళ్లు పట్టాయి. మైనం నీటి కంటే తేలిక, దాదాపు 0.9 వంతు. కనుక ఆ కప్పుకు మైనం, తైలం కలిపి 90 గ్రాములు సరిపోతాయి. కప్పును పూర్తిగా తుడిచి ఆరబెట్టడం మరవకండి.

ఆరు కప్పులకు మొత్తం 540 గ్రాములు. తైలం 8 శాతం అనుకుందాం. ఇక్కడ చాలామంది 540లో 8 శాతం తీస్తారు. కానీ 540 అంటే మైనం ఒక్కటే కాదు, తైలం కూడా కలిసిన మొత్తం. ప్రతి 100 గ్రాముల మైనానికి 8 గ్రాముల తైలం చేరితే 108 అవుతుంది. కాబట్టి 540ని 1.08తో భాగించాలి. మైనం 500 గ్రాములు, మిగిలిన 40 గ్రాములు తైలం. సరిచూడండి: 500లో 8 శాతం సరిగ్గా 40.

వేడి ఎంత ఉండాలి?

మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ, అందులో చిన్న గిన్నె ఉంచి కరిగించాలి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కనుక మైనం అంతకంటే వేడెక్కదు. అప్పుడే లేహ్ నుంచి వచ్చి చేరిన ఏడో తరగతి అబ్బాయి, "మేడం, అక్కడ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు" అన్నాడు. నిజమే. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయినా మైనం కరగడానికి ఆ వేడి చాలు.

మైనం పూర్తిగా కరిగి 80–85 డిగ్రీలకు వచ్చాక గిన్నెను దించి, తైలం పోసి, రెండు నిమిషాలు మెల్లగా కలపాలి. చల్లారిన మైనంలో పోస్తే తైలం సమంగా కలవదు. ప్రతి తైలానికీ 'ఫ్లాష్ పాయింట్' అనేది ఒకటుంటుంది. అంత వేడిలో తైలపు ఆవిరికి దగ్గరలో మంట తగిలితే అంటుకుంటుంది. అందుకే పొయ్యి ఆర్పిన తర్వాతే తైలం సీసా మూత తీయాలి. ఇదంతా పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయాలి. పొరపాటున మైనం అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మంట ఎగదన్నుతుంది. మూతపెట్టి ఆర్పాలి.

ఎవరి ముక్కు నమ్మాలి?

రెండోసారి ముందుగా మూడు కొవ్వొత్తులు చేశాం. ఒక్కోదానికి 100 గ్రాముల మైనం. తైలం 6, 8, 10 గ్రాములు. అడుగున చీటీలు అంటించి రెండు వారాలు కదపకుండా ఉంచాం. సోయా మైనంలో పరిమళం కుదురుకోవడానికి అంత సమయం కావాలి. తర్వాత చిన్న గదిలో రోజుకొకటి చొప్పున గంటసేపు వెలిగించాం.

గదిలో కూర్చున్న మేము "వాసనే లేదు" అన్నాం. నిజానికి వాసన ఉంది, మా ముక్కులే అలవాటు పడిపోయాయి. ఏ వాసనైనా కాసేపు పీలిస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీకు తెలియని సంగతి కాదు ఇది. కొత్త ఊళ్లో దిగిన మొదటి వారం అన్నీ తెలుస్తాయి, తోళ్ల కర్మాగారాల గాలి, నది వాసన, పక్కింటి ఆవనూనె పోపు. నెల తిరిగేసరికి ఏదీ తెలియదు. మొదటిసారి సీసా మొత్తం పోయడానికి కారణం కూడా ఇదే. పొయ్యి దగ్గరే నిలబడి, అలసిపోయిన ముక్కులతో "చాలలేదు" అనుకున్నాం.

అందుకని లేహ్ అబ్బాయిని బయట వరండాలో నిలబెట్టి, గంట తర్వాత లోపలికి పిలిచాం. మూడు రోజులూ అతనే పరీక్షకుడు. ఏ రోజు ఏది వెలిగించామో చెప్పలేదు. 6 శాతానికి "ఏదో పువ్వు" అన్నాడు. 10 శాతానికి ముక్కు మూసుకున్నాడు. 8 శాతం రోజున గుమ్మంలోనే ఆగి, "ఇది మల్లె కదా!" అన్నాడు. అంతవరకు తరగతిలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడని అబ్బాయి అతను. కొత్తగా వచ్చినవాడు కావడమే ఆ మూడు రోజులు అందరికీ అవసరమైంది.

500 గ్రాముల మైనం, 40 గ్రాముల తైలంతో ఆరు కొవ్వొత్తులు చేశాం. ఈసారి చెమట పట్టలేదు, మసి రాలేదు. వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించి, తెరలకు దూరంగా ఒకటి వెలిగించి చూసుకున్నాం. రెండు కొవ్వొత్తులు ఆ అమ్మాయి పెట్టెలో సర్దాం. వాటితో పాటు ఒక కాగితం కూడా పెట్టాం. మైనం ఎంత, తైలం ఎంత, ఏ వేడిలో కలపాలి, ఎన్ని రోజులు ఉంచాలి, అన్నీ గ్రాముల్లో, డిగ్రీల్లో రాసిన కాగితం.

కొవ్వొత్తులు మహా అయితే కొన్ని సాయంత్రాలు వెలుగుతాయి, అయిపోతాయి. కాగితం ఉంటే గువాహటిలోనూ మళ్లీ అదే మల్లె వాసన చేసుకోవచ్చు. మొన్న ఆ అమ్మాయి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి స్నేహితులతో కలిసి కొత్తగా ఒక దఫా చేసిందట. "మేడం, ఈసారి వరండాలో నిలబెట్టింది నన్నే" అని రాసింది.